సినిమా బండి, సైలెన్సర్ లెక్క

2018 జూలై 12న 'ఆర్‌ఎక్స్ 100' సినిమా విడుదలైంది. ఆ పేరుగల మోటార్ సైకిల్ తయారీ ఆగిపోయి అప్పటికి ఇరవై రెండేళ్లు. దర్శకుడు అజయ్ భూపతికి అది మొదటి సినిమా. హీరో కార్తికేయ, కథ గోదావరి జిల్లాలది. సినిమా బాగా ఆడింది. దాంతో కొట్టాల్లో బస్తాల కింద దుమ్ము కొట్టుకుపోయిన పాత యమహాలకు కూడా గిరాకీ పెరిగింది. గోదావరికి ఎగువన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పక్క కూడా "మా నాయిన బండి అదే కదా, ఏడ పెట్టినం" అని వెతుక్కునే కుర్రాళ్లకు కొదవ లేదు.

బండి దొరికింది. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. ఆ బండిని సినిమాలో బండిలా తయారుచేయాలంటే ఏమేం కావాలి? టాంకీకి రంగు, కొత్త సీటు, క్రోమియం పూత వేసిన మడ్‌గార్డులు, గుండ్రని హెడ్‌లైటు. డబ్బులుంటే ఇదంతా వారం పని. ఆ చప్పుడును, ఆ దూకుడును తిరిగి తేవడం వేరే సంగతి. అక్కడ పెయింటర్ చేతిలో ఏమీ ఉండదు, లేత్ మీద పనిచేసే చెయ్యి కావాలి. ఈ అధ్యాయం ఆ పని గురించే.

ముందు ఒక మాట చెప్పాలి. సినిమా బండ్లలో ఎక్కువ భాగం అబద్ధాలు. 1963లో వచ్చిన 'ది గ్రేట్ ఎస్కేప్'లో స్టీవ్ మెక్వీన్ జర్మన్ సైనికుడి దగ్గర కొట్టేసిన బండి మీద ముళ్లకంచె దూకుతాడు. కథ ప్రకారం అది బీఎండబ్ల్యూ. తెర మీద ఉన్నది వేషం మార్చిన బ్రిటిష్ ట్రయంఫ్. దూకింది కూడా మెక్వీన్ కాదు, బడ్ ఎకిన్స్ అనే స్టంట్‌మన్. 2008లో 'ది డార్క్ నైట్'లో బ్యాట్‌మన్ నడిపిన బ్యాట్‌పాడ్‌కు టైర్లు దాదాపు అర మీటరు వెడల్పు. అంత వెడల్పు టైరు ఉన్న బండిని మలుపులో వాల్చడం మామూలు మనిషి వల్ల కాదు. చిత్రీకరణలో దాన్ని లొంగదీసుకున్నది జాన్ పియర్ గోయ్ అనే ఫ్రెంచి స్టంట్‌మన్. మన 'ఆర్‌ఆర్‌ఆర్'లో భీం ఎక్కిన బండిని వెలోసెట్ అని పత్రికలు రాశాయి. కథ 1920ల నాటిది. వెలోసెట్ 'ఎం' శ్రేణి బండ్లు మొదలైంది మాత్రం 1933లో. థియేటర్లో ఈలలు వేసినవాళ్లలో ఈ సంగతి పట్టించుకున్నవాళ్లు ఎవరూ ఉండరు, పట్టించుకోనక్కర్లేదు కూడా.

తెర మీది బండి ఒక్కో షాట్‌లో ఒక్క పని చేస్తే చాలు. దూకే షాట్‌కు ఒకటి, దగ్గరి షాట్‌కు మరొకటి, పేలిపోవడానికి ఇంకొకటి ఉంటాయి. 'ఈజీ రైడర్' కోసం లాస్ ఏంజెలిస్‌లో క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతి మెకానిక్‌లు పాత పోలీసు హార్లీ బండ్లను కొని, చీల్చి, పొడవాటి ఫోర్కులు తగిలించారు. అలా తయారైన బండ్లలో చాలా వరకు షూటింగు పూర్తికాకముందే దొంగతనానికి పోయాయి. 1969లో సినిమా ప్రపంచమంతా ఆడినా, బండ్లు కట్టినవాళ్ల పేర్లు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇంకో కొసన 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లోని బుజ్జి అనే బండి ఉంది. మూడు చక్రాలు, దాదాపు ఆరు టన్నుల బరువు, విద్యుత్ మోటార్లు. దాన్ని కట్టడానికి మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ కలిసి పనిచేయాల్సి వచ్చింది. అలాంటిది రేకుల షెడ్డులో అయ్యే పని కాదు.

ఆర్‌ఎక్స్ 100 వీటితో పోలిస్తే నిజాయితీగల సినిమా బండి. తెర మీద ఉన్నదీ రోడ్డు మీద తిరిగిందీ ఒకటే. అందుకే నకలు చేయాలనుకునేవాడికి ఇదే అన్నిటికంటే కష్టం. వేషం వేసి దాటవేయడానికి వీల్లేదు. పాతికేళ్లు దాని చప్పుడు విన్న మనిషి ప్రతి వీధిలోనూ ఉన్నాడు, మూలమలుపులో వినగానే తప్పు పట్టేస్తాడు.

యమహా, ఎస్కార్ట్స్ కలిసి ఈ బండిని మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారుచేశాయి. సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం కూడా 50. లెక్కకడితే 98 సీసీ వస్తుంది. 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. బండి బరువు దాదాపు నూటమూడు కిలోలు. నాలుగు గేర్లు, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. అప్పటి నూరు సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు ఏడు, ఎనిమిది హార్స్‌పవర్‌తో సరిపెట్టుకుంటున్న కాలమది.

ముప్పై ఏళ్లు తిరిగిన సిలిండర్ గుండ్రంగా ఉండదు. పిస్టన్ ఒక పక్కకు ఎక్కువ ఒరుసుకుంటుంది కనుక లోపల కోడిగుడ్డు ఆకారం వస్తుంది. దాన్ని రీబోర్ చేయించి, పెద్ద పిస్టన్ వేయాలి. పిస్టన్లు పావు మిల్లీమీటరు మెట్ల లెక్కన దొరుకుతాయి: పావు, అర, ముప్పావు, ఒకటి. ఇందులో ఒక తమాషా ఉంది. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తే వ్యాసం 50.5 అవుతుంది, ఇంజన్ 100.1 సీసీకి వస్తుంది. కంపెనీ బండి మీద రాసిన వంద, రెండో రీబోర్ తర్వాత గానీ నిజం కాదన్నమాట.

రీబోర్ చేసి తెచ్చిన సిలిండర్‌ను చేతిలో పట్టుకుని లోపల వేలు పెట్టి చూడండి. గోడల్లో కిటికీలుంటాయి: కాలిన పొగ పోయే పెద్ద కిటికీ ఒకటి, కొత్త మిశ్రమం వచ్చే చిన్న కిటికీలు కొన్ని. మెకానిక్‌లు వాటిని పోర్టులంటారు. బోరింగ్ యంత్రం నుంచి వచ్చిన వెంటనే వాటి అంచులు బ్లేడులా తెగుతాయి. అలాగే బిగించారంటే పిస్టన్ రింగు నిమిషానికి వేలసార్లు ఆ అంచుకు తగిలి, కొద్ది రోజుల్లో విరుగుతుంది. విరిగిన ముక్క కొత్త బోరును గీకేస్తుంది. సన్నటి ఆకురాయితో, తర్వాత నీటికాగితంతో అంచులను ఓపిగ్గా కొంచెం వాలుగా అరగదీయాలి. చాలా చోట్ల ఎగ్గొట్టే పని ఇదే. తర్వాత రింగును ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో సమంగా కిందికి నెట్టి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. సందు మరీ తక్కువైతే వేడికి రింగు సాగి, కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని సిలిండర్‌ను పట్టేస్తాయి. మరీ ఎక్కువైతే కంప్రెషన్ జారిపోతుంది.

క్రాంక్ సంగతి ఇంతకంటే సున్నితం. ఈ ఇంజన్లో క్రాంక్ ఒకే ముక్క కాదు. రెండు ఇనుప చక్రాల మధ్య ఒక పిన్నును ప్రెస్సుతో దిగ్గొట్టి కలిపినది. కనెక్టింగ్ రాడ్ మార్చాలంటే చక్రాలను విడదీసి మళ్లీ నొక్కాలి. నొక్కాక రెండూ ఒకే ఇరుసు మీద తిరుగుతున్నాయో లేదో చూడడానికి లేత్ మీద రెండు సెంటర్ల మధ్య పట్టి, డయల్ గేజ్ ఆనించి మెల్లగా తిప్పుతారు. ముల్లు ఎక్కడ ఎక్కువ ఊగితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, రాగి సుత్తెతో ఒక దెబ్బ వేస్తారు. మళ్లీ తిప్పుతారు. మళ్లీ ఒక దెబ్బ. ఊగు మిల్లీమీటరులో రెండు మూడు వందో వంతులకు దిగేదాకా ఇదే పని. ఇనుము మీద అంత సన్నని దెబ్బ వేయడం పుస్తకం చదివితే రాదు. సిరిసిల్లలో ఆ చెయ్యి దొరుకుతుంది. వేల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్న ఊరది. వాటి షాఫ్టులు, బుష్షులు, పళ్లచక్రాలు అరిగిన ప్రతిసారీ లేత్ దగ్గరికి రావలసిందే.

సాంచా తెలిసినవాడికి టూ స్ట్రోక్ ఇంజన్ చెప్పడం తేలిక కూడా. పడుగు పోగులు విడి దారి తెరుచుకున్న ఆ కొద్ది క్షణంలోనే పేకపోగు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. ముందు పోతే పోగులు తెగుతాయి, ఆలస్యమైతే నాడె మధ్యలో ఇరుక్కుంటుంది. సాంచాలో ఈ టైమింగు నిమిషానికి నూరు, నూటయాభై సార్లు కుదరాలి. ఆర్‌ఎక్స్‌లో ఏడు వేల అయిదు వందల సార్లు కుదరాలి. పైగా టూ స్ట్రోక్‌లో తలుపు తెరిచి మూసే వాల్వులు సిలిండర్‌కు ఉండవు. పిస్టన్ కిందికి దిగుతూ పోర్టులను తెరుస్తుంది, పైకెక్కుతూ మూస్తుంది. అందులో చిక్కేమిటంటే, కాలిన పొగ బయటికి పోయే పోర్టు ఎత్తులో ఉంటుంది కనుక ముందు తెరుచుకుంటుంది, చివర మూసుకుంటుంది. కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చాక కూడా ఆ పోర్టు కొంతసేపు బార్లా తెరిచే ఉంటుంది. వచ్చిన మిశ్రమంలో కొంత అటునుంచి అటే పొగ వెంట వెళ్లిపోతుంది.

దాన్ని వెనక్కి నెట్టేది సైలెన్సర్. చప్పుడు తగ్గించడం దానికి రెండో ఉద్యోగం.

పోర్టు తెరుచుకోగానే లోపలి పీడనం ఒక్కసారిగా గొట్టంలోకి తన్నుకొస్తుంది. అది తరంగంగా ముందుకు పోతుంది. వేడి వాయువులో దాని వేగం మామూలు గాలిలోకంటే ఎక్కువ, సెకనుకు సుమారు 500 మీటర్లు. గొట్టం వెడల్పయ్యే చోటికి రాగానే ఆ తరంగం తిరగబడి, వెనక్కి పీల్చే తరంగంగా సిలిండర్ దగ్గరికి వస్తుంది. మిగిలిన పొగను లాగేస్తుంది, కింది నుంచి కొత్త మిశ్రమాన్ని కూడా లాగుతుంది. అసలు తరంగం ముందుకు సాగి, గొట్టం మళ్లీ సన్నబడే చోట కొట్టుకుని, ఈసారి నెట్టే తరంగంగా తిరిగొస్తుంది. పోర్టు మూసుకునే ముందు సరిగ్గా వచ్చిందంటే, బయటికి ఒలికిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి కూరుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేని పంపు ఇది.

ఎంత పొడవుండాలో మనమే లెక్కేయవచ్చు. 7500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 125 తిరుగుళ్లు, ఒక్కో తిరుగుడుకు 8 మిల్లీసెకన్లు. పొగ పోర్టు సుమారు సగం తిరుగుడు సేపు తెరిచి ఉంటుందనుకుంటే 4 మిల్లీసెకన్లు. సెకనుకు 500 మీటర్ల చొప్పున ఆ 4 మిల్లీసెకన్లలో తరంగం 2 మీటర్లు తిరుగుతుంది. పోవడానికి సగం, రావడానికి సగం. పిస్టన్ దగ్గర నుంచి తరంగం తిరగబడే చోటికి ఒక మీటరు! ఇప్పుడు బండి దగ్గరికి వెళ్లి, సిలిండర్ నుంచి సైలెన్సర్ వెనక భాగం దాకా టేపు పెట్టి చూడండి. అంత పొడవు అందం కోసం పెట్టింది కాదని అర్థమవుతుంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి నడుస్తున్న జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు బోర్డు మీద చేసే లెక్కా ఇదే, బండి వెనక వేలాడేదీ ఇదే.

అదే ఇంజన్ 4000 ఆర్‌పీఎం దగ్గర ఉంటే సగం తిరుగుడుకు 7.5 మిల్లీసెకన్లు పడుతుంది. తరంగం 4 మిల్లీసెకన్లకే తిరిగొచ్చేస్తుంది. తలుపు ఇంకా తెరిచే ఉంటుంది, లోపలికి నెట్టిన మిశ్రమం మళ్లీ ఒలికిపోతుంది. కనుకనే ఆర్‌ఎక్స్ కింద కొంచెం మందకొడిగా ఉండి, ఒక చోటు దాటగానే "ఒక్కసారి లేస్తది". ఆ లేవడమే సినిమాలో మనకు నచ్చింది. అది తరంగమూ తలుపూ ఒకరికొకరు అందిన క్షణం.

ఈ విద్య యమహా సొంతం కాదు, నిజానికి జపాన్‌దే కాదు. తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే ప్రభుత్వ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు 1950లలో దీన్ని పట్టాడు. డబ్బు లేదు, మంచి లోహం దొరకదు. సైలెన్సర్‌లోని పీడన తరంగాలను ఆసిలోస్కోప్ తెర మీద చూస్తూ గొట్టాల ఆకారం మార్చుకుంటూ పోయాడు. 1961 నాటికి అతని 125 సీసీ రేసింగ్ ఇంజన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో స్వీడన్ పందెం సమయంలో అతని జట్టు రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం విడిచి పారిపోయి సుజుకీలో చేరాడు. మరుసటి ఏడే సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రహస్యం జపాన్ చేరాక మిగిలిన కంపెనీలు నేర్చుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. రోడ్డు బండి కనుక ఆర్‌ఎక్స్ గొట్టం పందెం బండ్లదంత ఉబ్బుగా ఉండదు. సూత్రం మాత్రం కాడెన్‌దే. నాకైతే మోటార్ సైకిల్ చరిత్రలో ఇంతకంటే పెద్ద దొంగతనం కనిపించదు. పాపం కాడెన్‌కు దక్కిందేమీ లేదు.

ఇదంతా తెలిశాక, చప్పుడు కోసం సైలెన్సర్‌ను సగానికి కోయించేవాడిని చూస్తే ఏమనాలి? వెనక మూతలో ఉండే జాలి గొట్టాన్ని తీసేస్తే చప్పుడు పెరుగుతుంది, తరంగాల దారి పెద్దగా మారదు. గొట్టం వెడల్పయ్యే, సన్నబడే శంకువులనే కోసేస్తే వెనక్కి నెట్టే తరంగం పోతుంది. బండి అరుస్తుంది, పరుగెత్తదు, పెట్రోలు తాగుతుంది. అరుపును బలమనుకునేవాళ్లకు సినిమా కూడా కొంత కారణమే. పైగా కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ప్రతి బండికీ పనిచేసే సైలెన్సర్ ఉండాలంటుంది. ట్రాఫిక్ పోలీసు ఆపితే వాదించడానికి ఏమీ మిగలదు.

ఈ బండి ఎందుకు ఆగిపోయిందో కూడా ఆ తెరిచిన తలుపులోనే ఉంది. సైలెన్సర్ ఎంత బాగున్నా టూ స్ట్రోక్‌లో కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. తక్కువ ఆర్‌పీఎంలో మరీ ఎక్కువ. దాంతోపాటు కాలిన నూనె నీలిపొగ. 1996 ఏప్రిల్ నుంచి దేశంలో కాలుష్య ప్రమాణాలు బిగిశాయి, ఆ ఏడాది మార్చితో ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. నోస్టాల్జియాతో ఎంత కన్నీరు పెట్టుకున్నా, ఆ నిర్ణయం తప్పని నేననను.

చట్టం సంగతి నకలు కట్టేవాళ్లు ముందే తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు అని వచ్చింది. బుల్లెట్ చాసిస్ కోసి 'ఈజీ రైడర్' ఫోర్కులు తగిలించి జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర తిప్పడం కుదరదు. ఆర్‌ఎక్స్‌ను ఆర్‌ఎక్స్‌లాగే నిలబెట్టడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆర్‌ఎక్స్ 135 సిలిండర్ ఎక్కించే సరదా ఉంటే అది వేరే దారి, దాన్ని నకలు అనకండి.

పాత బండ్ల ప్రత్యేక నంబరు కోసం కొందరు ఆరాటపడుతుంటారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలో మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు నిండాలి, అసలు రూపం మారకూడదు. మొట్టమొదటి ఆర్‌ఎక్స్‌లకైనా ఆ అర్హత 2035లో గానీ రాదు. అప్పటిదాకా మామూలు బండిలాగే ఆర్‌సీ రెన్యువల్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్. కొనేముందు ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయో స్వయంగా చూసుకోండి. కొత్త జిల్లాలు 2016లో వచ్చాయి కనుక ఈ పక్క 1990ల తొలినాళ్ల బండ్లకు జగిత్యాల టీఎస్ 21, సిరిసిల్ల టీఎస్ 23 నంబర్లుండవు. పాత కరీంనగర్ జిల్లా ఏపీ 15 ఉంటుంది. ఆ పలక మీద గీతలు పడినా, కొత్తదానితో మార్చుకునే తొందర పడకండి. బండి ఎక్కడిదో, ఏ కాలందో చెప్పే సాక్ష్యాల్లో అదీ ఒకటి.

గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చే ఫిట్టర్లు, వెల్డర్లు కోరుట్ల పక్క ఇంటింటా ఉన్నారు. ఈ పని పూర్తిచేసే చెయ్యి వాళ్లకుంది, దొరకనిది తీరికే. సెలవు అయిపోతున్న తొందరలో ఇంజన్ బిగించి, బిగించిన రోజే రేస్ చేసి చూసేవాళ్లకు ఒక సలహా. కొత్త పిస్టన్, కొత్త బోరు ఒకదానికొకటి ఒదగడానికి కొన్ని వందల కిలోమీటర్లు కావాలి. అప్పటిదాకా సగం ఎక్సిలేటర్ దాటనివ్వకండి, ఒకే వేగంతో చాలాసేపు పోనివ్వకండి. ఇంకొకటి కొండగట్టు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు గుర్తుంచుకోవలసినది. టూ స్ట్రోక్ ఇంజన్‌కు నూనె అందేది పెట్రోలుతోపాటే. ఎక్సిలేటర్ పూర్తిగా మూసి గేరులో దిగుతుంటే పిస్టన్ వేగంగా ఆడుతూనే ఉంటుంది, నూనె మాత్రం అందదు, ఇంజన్ పట్టేస్తుంది. గేరులోనే దిగండి, డ్రమ్ బ్రేకుల మీద పూర్తి భారం వేయకండి, మధ్యమధ్య ఎక్సిలేటర్ కొంచెం తిప్పి వదలండి. ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచండి.